నోటిలోని సూక్ష్మజీవులు – తల, మెడ క్యాన్సర్లు

ఇటీవల నా వైద్యశాలకు వచ్చువారిలో పలువురు ఒకే ప్రశ్న అడుగుచున్నారు. "వైద్యులుగారూ! నోటి క్యాన్సర్‌కు కారణం నోట్లో ఉండే క్రిములేనట గదా. రోజూ మందునీళ్ళతో పుక్కిలిస్తే సరిపోతుందా? ఈ వక్కపొడి, ఖైనీ మానకపోయినా ఫరవాలేదా?" అని. అడుగువారిలో చదువుకున్నవారే ఎక్కువ. ఈ ప్రశ్నలో సగము సత్యమున్నది. అయితే ఆ సగమును మాత్రమే పట్టుకొని మిగిలిన సగమును విడిచిపెట్టినచో ప్రాణమునకే ముప్పు. కావుననే ఈ నెల పాఠమునకు ఈ విషయమును ఎన్నుకొన్నాను.

నేను గురుకులములో గురువుగారి సన్నిధిలో చరక, సుశ్రుత, వాగ్భటములను అధ్యయనము చేసినవాడను. జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములో మూడు దశాబ్దములకు పైగా వైద్యము చేయుచున్నాను. ఆధునిక పరిశోధనలను శ్రద్ధగా చదువు అలవాటు కూడ ఉన్నది. ప్రాచీన శాస్త్రము ఏమి చెప్పినది, నేటి విజ్ఞానము ఏమి కనుగొన్నది, గృహస్థుడు తన ఇంటిలో ఏమి చేయవలెను అను మూడు విషయములను క్రమముగా వివరింతును.

తల, మెడ క్యాన్సర్లు అనగా ఏవి?

పెదవులు, బుగ్గల లోపలి పొర, చిగుళ్ళు, నాలుక, నాలుక క్రింది భాగము, అంగిలి, టాన్సిల్స్, గొంతు, స్వరపేటిక, ముక్కు లోపలి భాగము – ఈ చోట్ల పుట్టు క్యాన్సర్లను కలిపి తల, మెడ క్యాన్సర్లని వైద్యులు వ్యవహరింతురు. మెదడులో పుట్టు గడ్డలు ఈ కోవలోనికి రావు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగము 2022 సంవత్సరమునకు ఇచ్చిన అంచనా ప్రకారము మన దేశములో ఆ ఒక్క సంవత్సరమే 1,43,000 మందికి పైగా పెదవి, నోటి క్యాన్సర్ సోకినది. ప్రపంచమంతట కలిపి ఈ సంఖ్య సుమారు 3,89,000. అనగా మూడింట ఒక వంతుకు మించి మన దేశములోనే. భారతీయ పురుషులకు వచ్చు క్యాన్సర్లలో మొదటి స్థానము దీనిదే. ఇంత ఎక్కువగా మనకే ఎందుకు వచ్చుచున్నది? సూక్ష్మజీవులు అన్ని దేశముల వారి నోళ్ళలోను ఉన్నవి గదా! ఈ ప్రశ్నను గుర్తుంచుకొనుడు. దీని సమాధానములోనే ఈ పాఠము సారమంతయు ఉన్నది.

శాస్త్రము చెప్పిన ముఖరోగములు

సుశ్రుతాచార్యులు నిదానస్థానములో ముఖరోగములు 65 అని లెక్కించినారు. పెదవులలో 8, చిగుళ్ళలో 15, దంతములలో 8, నాలుకయందు 5, అంగిలియందు 9, కంఠమునందు 17, నోరంతట వ్యాపించునవి 3. అంగిలి రోగములు తొమ్మిదింటిలో అర్బుదము ఒకటి. చికిత్సాస్థానములో అసాధ్యములను పేర్కొనునపుడు అంగిలి రోగములలో ఈ అర్బుదమునే అసాధ్యమని చెప్పినారు. కంఠరోగములలో స్వరఘ్నము మొదలైన పెక్కింటిని కూడ అసాధ్యములలో చేర్చినారు. శస్త్రచికిత్సలో అంతటి నిపుణుడైన మహర్షియే "ఇది నా చేతిలో లేదు" అని నిజాయితీగా వ్రాసిపెట్టినపుడు, ఆయన పేరు చెప్పుకొను మనము "చూర్ణముతో కరగించెదము" అనుట ఎంతవరకు న్యాయము?

ఇక క్రిముల విషయము. చరకాచార్యులు విమానస్థానములో క్రిములు ఇరువది రకములని చెప్పుచు, సహజ క్రిములను ఆ లెక్కనుండి వేరు చేసినారు. సహజ క్రిములు అనగా శరీరముతోపాటు ఉండునవి, రోగము కలిగింపనివి అని వ్యాఖ్యాత చక్రపాణి వివరణ. రక్తమునందలి క్రిములలో కొన్ని అతి సూక్ష్మములగుటచే కంటికి కనబడవనియు చరకమున ఉన్నది. ఆనాడు సూక్ష్మదర్శిని లేదు. కావున నేటి బాక్టీరియాలను మహర్షులు చూచినారని నేను అనను. కాని "శరీరములో ఉన్న జీవులన్నియు శత్రువులు కావు" అను ఆలోచన మాత్రము మన శాస్త్రమునకు కొత్త కాదు. నేటి విజ్ఞానము వేరు మార్గమున వచ్చి అదే మాట చెప్పుచున్నది.

నోటిలోని సూక్ష్మలోకము

1683లో హాలండు దేశస్థుడు లీవెన్‌హుక్ తన పంటి పాచిని గీకి, తాను చేసికొన్న భూతద్దము క్రింద పెట్టి చూచినాడు. అందులో చురుకుగా కదలు చిన్న చిన్న జీవులు కనబడగా లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసినాడు. నేటి లెక్క ప్రకారము మానవుల నోళ్ళలో నివసించు బాక్టీరియా జాతులు సుమారు 700. వీటికి తోడు కాండిడా వంటి శిలీంధ్రములు, కొన్ని వైరస్‌లు ఉన్నవి. ఒక్క మిల్లీలీటరు లాలాజలములో కోట్లాది బాక్టీరియాలుండును.

ఇవి విడివిడిగా తిరుగవు. పంటిమీద, చిగురు అంచున, నాలుకమీద జిగురు వంటి పొరగా పేరుకొని కాపురముండును. మనము పాచి అనునది ఇదే. రోజుకు అర లీటరు మొదలు లీటరున్నర వరకు ఊరు లాలాజలము వీటిని కడుగుచు అదుపులో ఉంచును. ఆకుకూరలలోని నైట్రేటును మార్చి రక్తపోటును సమముగా ఉంచుటకు తోడ్పడు బాక్టీరియాలు కూడ ఈ నోటిలోనివే. ఇవియే మన సహజ క్రిములు. నోరు ఎండిపోయినను, చిగుళ్ళు చెడినను, పొగాకు, మద్యము నిత్యము తగిలినను ఈ సమతౌల్యము చెడి, హాని చేయు జాతుల సంఖ్య పెరుగును. దోషములు సమముగా ఉండుట ఆరోగ్యము, విషమించుట రోగము అని మనము చెప్పుకొను సూత్రము ఇక్కడ కూడ సరిపోవును.

ఇవి క్యాన్సర్‌కు ఎట్లు తోడ్పడును?

పరిశోధకులు చూపిన మార్గములు ముఖ్యముగా నాలుగు.

1. ఆరని శోథ: చిగుళ్ళ సందులలో చీము పట్టి ఏళ్ళ తరబడి వాచి ఉన్నచో, ఆ భాగమున కణములు నశించుచు మరల పుట్టుచు ఉండును. కొత్త కణములు పుట్టు ప్రతిసారి పొరపాటు జరుగుటకు అవకాశమున్నది. పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అను బాక్టీరియా చిగుళ్ళ వ్యాధికి ప్రధాన కారకులలో ఒకటి. చెడిన కణము తనంతట తాను నశించు సహజ గుణమును ఇది అడ్డగించుచున్నట్లు ప్రయోగములలో తేలినది. చావవలసిన కణము చావకున్న దానినుండి కీడు పుట్టవచ్చును.

2. విషము తయారగుట: మద్యము నోటిలో పడగానే కొన్ని బాక్టీరియాలు, కాండిడా శిలీంధ్రము దానిని ఎసిటాల్డిహైడ్ అను పదార్థముగా మార్చును. మద్యపానము వలన కలుగు ఎసిటాల్డిహైడ్‌ను నిశ్చితముగా క్యాన్సర్ కలిగించు పదార్థములలో ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగము 2009లో చేర్చినది. నోరు శుభ్రముగా లేనివారి లాలాజలములో ఇది మరింత ఎక్కువగా తయారగును. ఇక పొగాకు సంగతి. ఆకును ఆరబెట్టి మాగవేయునపుడే అందలి బాక్టీరియాలు నైట్రేటును నైట్రైటుగా మార్చును. అది పొగాకులోని నికోటిన్ వర్గపు పదార్థములతో కలిసి నైట్రోసమీన్లు అను ఘోరమైన విషములగును. అనగా ఖైనీ పొట్లము విప్పకమునుపే క్రిములు తమ పని కొంత పూర్తిచేసి ఉంచినవన్నమాట.

3. వైరస్‌లు: హెచ్.పి.వి. అను వైరస్‌లో 16వ రకము టాన్సిల్స్, నాలుక మొదలు భాగములలో క్యాన్సర్ కలిగించును. కణవిభజనకు పగ్గము వేయు ప్రొటీన్లను ఇది పనిచేయనీయదు. ఇదే వైరస్ స్త్రీల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమని కనుగొన్నందుకు జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హాసన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించినది. అమెరికా, ఐరోపా దేశములలో గొంతు క్యాన్సర్లలో దీని పాలు చాల ఎక్కువ. మన దేశములో నోటి క్యాన్సర్లలో అధిక భాగము పొగాకు, వక్కల వలన వచ్చునవే. ఎప్‌స్టీన్ బార్ అను మరొక వైరస్‌కు ముక్కు వెనుక భాగపు క్యాన్సర్‌తో సంబంధమున్నది.

4. శిలీంధ్రములు: బుగ్గలోపల ఏర్పడు తెల్లని మచ్చలలో కొన్నింటియందు కాండిడా పాతుకొని ఉండును. అట్టి మచ్చలను వైద్యులు మరింత జాగ్రత్తగా గమనింతురు.

మిత్రుడా? శత్రువా?

ఇంతవరకు చదివిన పాఠకులు "అట్లయిన క్రిములన్నింటిని చంపివేసిన సరిపోవును గదా" అనుకొనవచ్చును. విషయము అంత సులభము కాదు.

2024లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనమును చూడుడు. సుమారు 1,60,000 మంది ఆరోగ్యవంతుల నోటినుండి నమూనాలు సేకరించి, వారిని సంవత్సరముల తరబడి గమనించినారు. వారిలో 236 మందికి తల, మెడ క్యాన్సర్ వచ్చినది. వారి పాత నమూనాలను ఆరోగ్యముగా ఉన్నవారి నమూనాలతో పోల్చి చూడగా 13 బాక్టీరియా జాతులకు ఈ వ్యాధితో సంబంధము కనబడినది. అవి ఎక్కువగా ఉన్నవారికి ముప్పు సుమారు 30 శాతము అధికము. ఇది సంబంధమే కాని కారణమని రుజువు కాలేదని ఆ పరిశోధకులే చెప్పినారు. ఈ 30 శాతమును పొగాకు, మద్యము రెండును కలిపి వాడువారికి అనేక రెట్లు పెరుగు ముప్పుతో పోల్చినచో ఏది ఏనుగో ఏది ఎలుకో తెలియును.

ఫ్యూజోబాక్టీరియం అను బాక్టీరియా కథ మరింత ఆశ్చర్యకరము. పెద్దప్రేగు క్యాన్సర్‌లో ఇది గడ్డను పెంచునని పేరుపడినది. నోటి క్యాన్సర్ గడ్డలలో కూడ ఇది అధికముగా కనబడును. కావున దోషి ఇదే అనుకొన్నారు. కాని 2024లో లండను పరిశోధకులు ప్రయోగశాలలో చూడగా, తల, మెడ క్యాన్సర్ కణములను ఈ బాక్టీరియా చంపుచున్నట్లు కనబడినది. గడ్డలో ఇది ఉన్న రోగులు లేనివారికంటె ఎక్కువ కాలము జీవించుచున్నట్లు కూడ తేలినది. ఒకే జీవి ఒక చోట శత్రువు, మరొక చోట మిత్రుడు! విషము కూడ యుక్తితో వాడిన ఔషధమగును, ఔషధము కూడ యుక్తి తప్పిన విషమగును అని చదువుకొన్న మనకు ఇది వింతగా తోచరాదు.

ఈ రంగములో తొందరపాటు కూడ జరిగినది. గడ్డలలోని సూక్ష్మజీవులను బట్టి క్యాన్సర్ ఏదో చెప్పవచ్చునని 2020లో ప్రసిద్ధ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనను, లెక్కలలో దోషములున్నవని తేలినందున 2024లో ఉపసంహరించినారు. కావున "క్రిములను చంపు ద్రవము, క్యాన్సర్ రాదు" అనియో, "మంచి క్రిముల మాత్ర, క్యాన్సర్ పోవును" అనియో ఎవరైన అమ్మజూపినచో నమ్మవద్దు. అట్టి మందు నేటికి లేదు.

ఉత్తరాంధ్ర నేర్పిన పాఠము

మనకే ఎందుకు ఎక్కువ అను ప్రశ్నకు సమాధానము మన తెలుగునాటనే ఉన్నది. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతపు పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలలో, చుట్టను నిప్పుకొస నోటిలోపల పెట్టుకొని పీల్చు అలవాటు తరతరములుగా ఉన్నది. దీనినే అడ్డపొగ అందురు. అంగిలి క్యాన్సర్ ఇతర ప్రాంతములలో అరుదు. ఈ పల్లెలలో మాత్రము అధికము. కోస్తా ఆంధ్రలోని ఈ సంబంధమును వివరించుచు 1957లోనే భారతీయ వైద్యపత్రికలో వ్యాసము వెలువడినది. తరువాత మన దేశపు, డెన్మార్కు దేశపు వైద్యులు కలిసి 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరీక్షించి 1971లో ఫలితములు ప్రకటించినారు. ఆ పల్లెల పేరు ప్రపంచ వైద్యగ్రంథములకు ఎక్కినది ఈ విధముగానే.

ఇందులో గ్రహింపవలసిన దేమి? నిప్పు ఎక్కడ తగిలినదో పుండు అక్కడ పుట్టినది. ఖైనీని క్రింది పెదవిలోపల దాచుకొనువారికి అక్కడ, గుట్కాను బుగ్గన పెట్టుకొనువారికి బుగ్గలోపల వచ్చుచున్నది. సూక్ష్మజీవులు నోరంతట ఉన్నను, వ్యాధి మాత్రము అలవాటు గల చోటనే మొలచుచున్నది. విత్తనము పొగాకు, వక్క. సూక్ష్మజీవులు నేలను చదును చేయు కూలీలు. కూలీలను తరిమినంత మాత్రమున విత్తనము మొలకెత్తక మానదు. విత్తనమునే వేయకున్న ఆ కూలీల వలన భయము చాల తక్కువ.

ఫిల్మ్‌నగర్‌లో నేను చూచుచున్నది

1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసిన నాటికి ఈ కొండలు రాళ్ళు రప్పలే. తరువాత ఒక్కొక్కటిగా స్టూడియోలు, డబ్బింగు థియేటర్లు, ఎడిటింగు గదులు వచ్చి ఇది చిత్రపరిశ్రమకు పుట్టినిల్లయినది. తెరమీద ఎవరైన పొగ త్రాగినచో హెచ్చరిక వేయవలెనను నియమము 2012 నుండి గట్టిగా అమలగుచున్నది. కాని తెర వెనుక? రాత్రి షూటింగులలో నిద్ర ఆపుకొనుటకు ఖైనీ నలుపు లైట్‌మన్లను, ఆకలి చంపుకొనుటకు వక్కపొడి నోట వేసికొను సహాయకులను, కృష్ణానగర్‌లో వేషముల కొరకు ఎదురుచూచుచు సిగరెట్టుపై సిగరెట్టు కాల్చు యువకులను నేను నిత్యము చూచుచున్నాను. గుట్కాపై ప్రభుత్వ నిషేధమున్నను పొగాకు వేరుగా, పాన్‌మసాలా వేరుగా కొని కలిపికొనుచున్నారు. పెద్ద మేడలలో ఉండువారు ఈ అలవాట్లకు అతీతులని భ్రమపడవద్దు. అక్కడ ఖైనీకి బదులు వెండి డబ్బాలో సువాసన వక్కలు, రాత్రి విందులలో మద్యము, సిగరెట్టు. నోటిపొరకు డబ్బా వెండిదా, కాగితపుదా అను భేదము తెలియదు.

నిర్మాణ శాఖలో పనిచేయు ఒక ఆయన రెండు సంవత్సరముల క్రిందట నాలుక మండుచున్నదని నావద్దకు వచ్చినారు. నోరు తెరవమనగా మూడు వ్రేళ్ళు పట్టవలసిన చోట రెండు కూడ పట్టలేదు. ఎడమ బుగ్గలో, సరిగా వక్క దాచు చోట, గరుకైన తెల్లమచ్చ. ఆయన కషాయమడిగినారు. నేను కషాయమీయలేదు, క్యాన్సర్ ఆసుపత్రికి ఉత్తరమిచ్చి ఆనాడే పంపినాను. ముక్క పరీక్షలో తొలిదశ అని తేలినది. శస్త్రచికిత్స జరిగినది. నేడు పనిలో ఉన్నారు, వక్క జోలికి పోవుట లేదు. మరొకరు మెడలో గడ్డకు ఎవరో ఇచ్చిన పసరు ఎనిమిది నెలలు వాడి, ఊపిరాడనప్పుడు నావద్దకు వచ్చినారు. ఆసుపత్రికి పంపినను ఆయనను దక్కించుకొనలేకపోయినారు. ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలు. ఈ ఇద్దరి మధ్య భేదము కాలమే తప్ప మరేమియు కాదు.

తాంబూలము మాటేమి?

"భోజనానంతరము తాంబూలము శాస్త్రసమ్మతము గదా" అని పెద్దలు అడుగుదురు. నిజమే. జాజికాయ, లవంగము, ఏలకి, పచ్చకర్పూరము, తమలపాకులతోపాటు వక్కను కూడ నోట ధరింపదగిన వానిలో చరకము పేర్కొన్నది. అయితే పొగాకు ఆ జాబితాలో లేదు, ఉండుటకు వీలు కూడ లేదు. అది అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి కాలములో మన దేశమునకు వచ్చినది. ఇక వక్క. పొగాకు కలుపని వక్క సైతము క్యాన్సర్ కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగము 2004లో ప్రకటించిన గ్రంథములో తేల్చినది. వక్కలోని అరికోలిన్ అను పదార్థము బుగ్గ కండరములను తాళ్ళవలె బిగువు చేసి నోరు తెరుచుకొనకుండ చేయును. శాస్త్రమునకు ప్రత్యక్ష ప్రమాణము కూడ ముఖ్యమే. ప్రత్యక్షముగా హాని కనబడుచుండగా వక్కను సమర్థించుట శాస్త్రభక్తి కాదు. శుభకార్యములలో తాంబూలము ఇచ్చి పుచ్చుకొనుడు. నమలవలెనని కోరిక ఉన్నచో లేత తమలపాకులో ఏలకి, లవంగము, సోపు పెట్టుకొనుడు. వక్క, సున్నము వద్దు.

ఇంటిలో ఆచరింపవలసిన ముఖశుద్ధి

ఈ క్రింది దినచర్య నోటిలోని సమతౌల్యమును కాపాడుటకు తోడ్పడును. ఇది క్యాన్సర్‌కు చికిత్స కాదని మరల చెప్పుచున్నాను.

దంతధావనము: ఉదయము, రాత్రి రెండు పూటలు. చేదులో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారములో కానుగ శ్రేష్ఠములని సుశ్రుతము. పుల్ల పన్నెండు అంగుళముల పొడవు, చిటికెన వ్రేలి లావు ఉండవలెను. కొసను మెత్తగా నమిలి కుంచెవలె చేసికొని చిగుళ్ళకు తగులకుండ తోమవలెను. బ్రష్ వాడువారు మెత్తని కుచ్చు గలది వాడుడు. పొగాకు కలిపిన పళ్ళపొడిని ఏనాడును ముట్టవద్దు. దానిని ప్రభుత్వము 1992లోనే నిషేధించినది.

జిహ్వానిర్లేఖనము: రాగి లేక వెండి బద్దతో నాలుక మీది పాచిని వెనుకనుండి ముందుకు నెమ్మదిగా గీకవలెను. రక్తము వచ్చునట్లు గీకరాదు.

కవళము: రెండు చెంచాల నువ్వులనూనెను గోరువెచ్చగా నోట పోసికొని, ఐదు నిమిషములు నోరంతట త్రిప్పి ఉమ్మివేయవలెను. మ్రింగరాదు. పాచి తగ్గుటకు ఇది కొంత తోడ్పడునని చిన్న పరిశోధనలలో తేలినది.

త్రిఫల కషాయము: కరక్కాయ, తానికాయ, ఉసిరిక చూర్ణము ఒక చెంచా, రెండు గ్లాసుల నీటిలో వేసి సగమగువరకు కాచి వడగట్టి, గోరువెచ్చగా ఉన్నపుడు పుక్కిలించవలెను. చిగుళ్ళనుండి రక్తము కారువారికి ఇది మంచిది. వారమునకు నాలుగు పర్యాయములు చాలును.

ఘాటైన మందునీళ్ళను వైద్యుడు చెప్పకుండ నెలల తరబడి వాడుట మంచిది కాదు. చెడ్డ క్రిములతోపాటు సహజ క్రిములు కూడ నశించును. మధుమేహము ఉన్నవారు చిగుళ్ళ విషయమున రెట్టింపు శ్రద్ధ వహింపవలెను. ఆరు నెలలకొకసారి దంతవైద్యునికి చూపి గార తీయించుకొనుడు. నోటిలో గీచుకొను విరిగిన పన్ను ఉన్నచో సరిచేయించుకొనుడు. ఆకుకూరలు, పండ్లు భోజనములో ఎక్కువగా ఉండనిండు. ఆడపిల్లలకు తగిన వయస్సులో హెచ్.పి.వి. టీకా గురించి పిల్లల వైద్యుని అడుగుడు. మన దేశములో తయారైన టీకా 2023 నుండి లభించుచున్నది.

నెలకొకసారి అద్దము ముందు

మేకప్ గదిలో అద్దము చుట్టు దీపములుండును గదా. నోటి పరీక్షకు అంతకంటె అనుకూలమైన చోటు లేదు. ఇంటిలోనైన మంచి వెలుగులో అద్దము ముందు నిలువుడు. పెదవులను మడిచి లోపల, రెండు బుగ్గల లోపల, చిగుళ్ళు, నాలుక పైన, ప్రక్కల, క్రింద, అంగిలి వరుసగా చూడుడు. చివరకు చేతివ్రేళ్ళతో మెడను రెండు ప్రక్కల తడిమి చూడుడు. రెండు నిమిషముల పని.

ఈ లక్షణములలో ఏ ఒక్కటి ఉన్నను ఆలస్యము చేయవద్దు:

– రెండు వారములు దాటినను మానని పుండు, అది నొప్పి లేకపోయినను.
– తుడిచినను పోని తెల్లని లేక ఎర్రని మచ్చ.
– మూడు వారములు దాటిన గొంతు బొంగురు.
– మెడలో గట్టి గడ్డ.
– మ్రింగుట కష్టమగుట, ఒక ప్రక్క చెవిపోటు.
– నోరు మూడు వ్రేళ్ళ మేర తెరుచుకొనకపోవుట.
– కారణము లేకుండ పన్ను కదలుట, ఒక ముక్కునుండియే తరచు రక్తము వచ్చుట.

డబ్బింగు కళాకారులు, గాయకులు గొంతు బొంగురును పనిభారముగా భావించి మిరియాల పాలతో సరిపెట్టుకొందురు. వారము పది దినములు సరే. మూడు వారములు దాటినచో గొంతు వైద్యుడు స్వరపేటికను చూడవలసినదే.

రోగము నిర్ధారణ అయినచో

ముక్క పరీక్ష చేయించిన క్యాన్సర్ పాకునను భయము నిరాధారము. ఆ పరీక్ష లేనిదే చికిత్స లేదు. మన నగరములో రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొన్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. మాకు కూతవేటు దూరములో, బంజారాహిల్స్‌లో, నందమూరి తారక రామారావుగారు తన సతీమణి స్మారకముగా సంకల్పించిన బసవతారకం ఆసుపత్రి 2000 సంవత్సరము నుండి పనిచేయుచున్నది. దూరమను సాకు చెప్పుటకు వీలు లేదు.

చికిత్సాకాలమున కూడ సూక్ష్మజీవుల విషయము మరువరాదు. రేడియేషన్‌కు ముందు చెడిపోయిన పళ్ళను చూపించుకొనుట అత్యవసరము. తరువాత తీయించినచో దవడ ఎముక మానక చెడిపోవచ్చును. రేడియేషన్ వలన లాలాజలము తగ్గి నోరు పూయును, కాండిడా పెరుగును. అపుడు మెత్తని చల్లని ఆహారము, ఉప్పు, వంటసోడా కలిపిన నీటితో పుక్కిలింత, వైద్యులు చెప్పిన మందులు వాడవలెను. త్రిఫల, కారము, పులుపు ఏవియు అపుడు వద్దు. భస్మములు, చూర్ణములు ఏవి వాడవలెనన్నను క్యాన్సర్ వైద్యునికి చెప్పకుండ వాడరాదు. ఇట్టి సమయమున ఆయుర్వేద వైద్యుని పాత్ర ఆహారము, నిద్ర, మలశుద్ధి, మనోధైర్యము చూచుట. రోగమును తీసివేయు పని శస్త్రవైద్యునిది.

ఈ పాఠము ముగిసిన వెంటనే ఒక పని చేయుడు. ఇంటిలో వక్కపొడి డబ్బా ఉన్నచో తీసి పారవేయుడు. రేపు ఆదివారము ఇంటిల్లిపాది వరుసగా అద్దము ముందు నిలిచి నోరు చూచుకొనుడు. ఇంటిలో పనిచేయు డ్రైవరుకు, వంటమనిషికి, తోటమాలికి కూడ ఇది చదివి వినిపించుడు. పత్రిక కొనలేని వారికే ఈ రోగము ఎక్కువగా వచ్చుచున్నది.